నంబరు ఇంకా రాని కారును టెస్టుకి తోలుకెళ్ళొచ్చా?

తమ్ముడూ, ఇంగ్లండులో గ్యారేజీలో కిట్, అంటే విడిభాగాల సెట్టు తెప్పించుకుని నీ చేతుల్తో కట్టుకున్న కారును టెస్టు సెంటరు దాకా రోడ్డు మీద తోలుకెళ్ళొచ్చా, రిజిస్ట్రేషనే లేదు కదా అని అడిగావు. నేనిప్పుడు సెలవు మీద పర్లాకిమిడిలో ఉన్నాను, మొన్న గుణుపురం వెళ్తే మీ నాన్నగారు కూడా ఇదే టెన్షన్ పడుతూ కనబడ్డారు. తోలుకెళ్ళొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ వెసులుబాటు చాలా ఇరుకైంది, దాని హద్దులు తెలియకుండా తాళం చేతిలోకి తీసుకోవద్దు.

ముందు మన వైపు అలవాటు ఒకటి వదిలెయ్యాలి. బరంపురంలో, రాయగడలో కొత్త బండికి ఏ/ఎఫ్ (నంబరుకి అప్లై చేశాం) అని రాయించుకుని నెలల తరబడి తిరిగేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఇక్కడ కూడా అది చట్టానికి విరుద్ధమే, ఎవరూ ఆపకపోతే గడిచిపోతుంది, అంతే. అక్కడ ఆ ధైర్యం చెయ్యకు. మనకున్న ఇంకో అలవాటు మాత్రం వెంట తీసుకెళ్ళు: ఓడీ 20 అనే మన ఒడిశా నంబరు బండి మీద ఆంధ్రాలోని పాతపట్నం దాటామంటే ఎక్కడో ఒకచోట ఆపి కాగితాలు అడుగుతారని మనవాళ్ళంతా అన్నీ సంచిలో పెట్టుకునే బయల్దేరతారు చూశావా, అది.

ఇక అసలు సంగతి. సొంతంగా కట్టిన కారుకు నంబరు రావాలంటే ముందు ఐవీఏ అనే పరీక్ష, అంటే ఆ ఒక్క బండినీ విడిగా చూసి ఆమోదించే పరీక్ష నెగ్గాలి, కార్లకి 2009లో పాత ఎస్‌వీఏ పోయి ఇది వచ్చింది, బ్రిటన్‌లో డీవీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు చేస్తారు. 1994 నాటి వాహన పన్ను చట్టం ప్రకారం, ముందే ఫలానా తేదీ, ఫలానా టైము అని ఖాయం చేసుకున్న తప్పనిసరి పరీక్షకి బండిని తీసుకెళ్ళడానికి, అక్కణ్ణుంచి తిరిగి తెచ్చుకోవడానికి రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. కేవలం ఆ పని కోసమే అయ్యుండాలి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కి తీసుకున్న రిజర్వేషన్ టికెట్టు మర్నాటి బండికి చెల్లదు కదా, ఇదీ అంతే. దారిలో స్నేహితుడి ఇంటి దగ్గర ఆగి కారు చూపించి వెళ్దామనుకుంటే ఆ రక్షణ పోయినట్టే.

పన్నుకి మినహాయింపు ఉంది గానీ బీమాకి లేదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నంబరు లేదు కాబట్టి బీమా విన్ మీద, అంటే ఛాసిస్ నంబరు మీద తీసుకోవాలి. మామూలు కంపెనీలు చాలావరకు కుదరదంటాయి, కిట్ కార్లకే బీమా ఇచ్చేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని అడుగు. రిజిస్ట్రేషన్‌కి ముందే ఈ ఛాసిస్ నంబరు మీద, పబ్లిక్ రోడ్డు మీద, టెస్టుకి పోయి రావడానికి బీమా వర్తిస్తుందని వాళ్ళ చేత రాతపూర్వకంగా చెప్పించుకో, ఫోన్లో సరే అన్నారని ఊరుకోవద్దు. పోలీసు కెమెరాలు నంబరు ప్లేటు చదివి బీమా ఉందో లేదో చూస్తాయి, నీకు ప్లేటే లేదు కాబట్టి ఆపితే చూపించాల్సింది కాగితమే.

బీమా లేకుండా దొరికితే అక్కడికక్కడే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద తప్పుకి శిక్షగా 6 పాయింట్లు, కారు కూడా పట్టుకుపోవచ్చు. నీలాంటి కొత్తవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది: అక్కడ డ్రైవింగ్ టెస్టు పాసైన మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మన ఇండియా లైసెన్సు మీదైతే స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే తోలొచ్చు, దాన్ని ఇచ్చి అక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. ఆ గడువు దాటిపోయి ఉంటే కారు టెస్టు రోజున నీ బదులు ఎవరు తోలతారో ముందే చూసుకుని, వాళ్ళ పేరు కూడా బీమాలో ఎక్కించు.

ప్లేటు విషయంలో సొంత తెలివి వద్దు. ఇంజను ఇచ్చిన పాత కారు నంబరు తీసి తగిలించకు, అది పెద్ద నేరం. కొందరు ఛాసిస్ నంబరునే అట్ట మీద పెద్దగా రాసి వెనక అంటించుకుంటారు, పోలీసుతో మాట తేలికవుతుందని. వెంట తీసుకెళ్ళే సంచిలో మాత్రం అపాయింట్‌మెంట్ కాగితం, బీమా సర్టిఫికెట్, లైసెన్సు ఉండాలి.

పన్ను లేదన్నారు కదా అని బండి కండిషన్ గాలికి వదిలెయ్యొద్దు. బ్రేకులు, టైర్లు, లైట్లు, హారను, వైపర్లు అన్నీ సక్రమంగా ఉంటేనే రోడ్డెక్కాలి. పరీక్ష నెగ్గకపోయినా తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, వాళ్ళు చెప్పింది ప్రమాదకరమైన లోపమైతే తోలకూడదు, ట్రైలరు మీద తేవాల్సిందే. ముందుగా నడిపి చూసుకోవాలంటే యజమాని అనుమతితో ప్రైవేటు స్థలంలో చూసుకో. రాత్రిపూట సూపర్‌మార్కెట్ కార్ పార్కు ఖాళీగా ఉంటుంది కదా అనుకోకు, అది కూడా జనం వచ్చిపోయే చోటే, బీమా చట్టం అక్కడా వర్తిస్తుంది.

టెస్టులో ఎక్కువమందిని ఇంటికి పంపేది ఇంజను కాదు, చిన్న చిన్న అంచులు. 100 మిల్లీమీటర్ల గుండ్రటి బంతి తగిలే ప్రతి బయటి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో మొద్దుగా ఉండాలి. బోల్టు కొనలకి ప్లాస్టిక్ టోపీలు పెట్టు, బాడీ రేకు అంచులకి రబ్బరు పట్టీ వెయ్యి, అద్దాల వెనక కూడా చేత్తో తడిమి చూసుకో. వేలికి ఎక్కడ గీరుకుంటే అక్కడ వాళ్ళ పెన్ను ఆగుతుంది.

పాసైనాక కూడా తొందరపడకు. ఇంటికి తెచ్చుకో, లోపల పెట్టు, అంతే. బండ్లు రిజిస్టర్ చేసే డీవీఎల్‌ఏ అనే సంస్థకి కాగితాలు పంపి, నంబరు వచ్చి, పన్ను కట్టేదాకా వీధి చివరికి కూడా తియ్యకూడదు. నట్టు దగ్గర్నుంచి కొన్న ప్రతి వస్తువు రసీదూ దాచుకో: అన్నీ కొత్త సామాన్లే అని చూపించగలిగితే కొత్త కార్లకిచ్చే ఆ ఏడాది నంబరే ఇస్తారు, కొత్తదానిలా బాగుచేయించిన పాత భాగం ఒక్కటి ఉన్నా పరవాలేదు, సామాన్ల వయసు రుజువు చెయ్యలేకపోతే మాత్రం క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు పడుతుంది, అది పడిన కారుకు తర్వాత అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది.