సంపులోని క్లోరిన్ ఓజోన్ పొరదాకా చేరదు

అన్నగారూ, అనంతపురంలో మీ ఇంటి సంపులో వేసే బ్లీచింగ్ పౌడర్ వల్ల ఓజోన్ పొర తరుగుతుందని మీ అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు చార్టులో రాయగా, టీచర్ ఆ వాక్యాన్ని కొట్టివేశారని, కారణం తెలియడం లేదని రాశారు. టీచర్ చేసినది సరైనదే. సంపు మూత తీయగానే ముక్కుకు ఘాటుగా తగిలే ఆ క్లోరిన్ ఎండ తగిలిన కొద్దిసేపటికే విడిపోయి, నీటిలో ఇట్టే కరిగే హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి, ఓజోన్ పొర ఉండే పై వాతావరణాన్ని, అంటే స్ట్రాటోస్ఫియర్‌ను చేరకముందే వానతో నేలకు దిగిపోతుంది.

అసలు కారణం పాత ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు. అవి నీటిలో కరగవు, కింది గాలిలో దేనితోనూ చర్య జరపవు. ఏళ్ల తరబడి గాలిలో తిరిగి పైకి చేరాక, అక్కడి అతినీలలోహిత కిరణాలు వాటి నుంచి క్లోరిన్ పరమాణువును విడగొడతాయి. ఆ పరమాణువు ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని క్లోరిన్ మోనాక్సైడ్ అవుతుంది. దానికి మరో ఆక్సిజన్ పరమాణువు ఎదురుపడితే ఆ రెండు ఆక్సిజన్లూ జతకట్టి వెళ్లిపోగా, క్లోరిన్ మళ్లీ ఒంటరిగా మిగిలి ఇంకో ఓజోన్ మీద పడుతుంది. ఇలా తాను తరగకుండానే వేల అణువులను నాశనం చేస్తుంది. 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించినది దీని గురించే. పిల్లలకు ఈ ఒక్క చక్రం బాగా అర్థమైతే మిగతాదంతా తేలికేనని నా నమ్మకం.

ఓజోన్ పొరలో రంధ్రం అంటార్కిటికాపైనే ఎందుకని కూడా అడిగారు. అక్కడి చలికాలంలో సుమారు మైనస్ 78 డిగ్రీలకు దిగువన ఏర్పడే మేఘాల రేణువులపై, అప్పటిదాకా స్తబ్ధంగా ఉన్న క్లోరిన్ సమ్మేళనాలు క్లోరిన్ వాయువుగా మారతాయి. సెప్టెంబరులో ఎండ తిరిగి రాగానే అది పరమాణువులుగా విడిపోయి ఓజోన్‌ను నాశనం చేయడం మొదలుపెడుతుంది.

చార్టులో బ్లీచింగ్ పౌడర్ బొమ్మ తీసేసి, ఆ చోట పాత ఫ్రిజ్ బొమ్మ అతికించమని అమ్మాయికి చెప్పండి.