రుమ్మాన్ చౌదరి నడిచిన దారిలో విజయవాడ నుంచి వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎంసీఏ చదివి, విజయవాడలో ఇంటి నుంచే తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నానని మీరు రాశారు. ఏఐ పక్షపాతాలను కొలిచి బయటపెట్టే నిపుణురాలు రుమ్మాన్ చౌదరి లాగా ఏఐ నైతికత, డేటా రక్షణ రంగంలోకి వెళ్లి నిర్ణయాలు తీసుకునే స్థాయికి ఎదగాలంటే లా డిగ్రీ కావాలా, హైదరాబాద్ వెళ్లక తప్పదా అని అడిగారు.

లా డిగ్రీ అక్కర్లేదండి. చౌదరి గారి పీహెచ్‌డీయే రాజనీతి శాస్త్రంలో. దానికి ముందు కొలంబియాలో సామాజిక శాస్త్రాలకు పనికొచ్చే గణాంక పద్ధతులు చదివారు. 2017 నుంచి యాక్సెంచర్‌లో బాధ్యతాయుత ఏఐ పనికి నాయకత్వం వహించి, 2021లో ట్విట్టర్‌లో మెషిన్ లెర్నింగ్ నైతికత చూసే జట్టుకు అధిపతి అయ్యారు. ఫొటోలను దానంతటదే కత్తిరించే అల్గారిథమ్ ఎవరి ముఖం వైపు మొగ్గుతోందో ఆ ఏడాదే లెక్కగట్టి బయటపెట్టారు. అలాంటి పక్షపాతాలు పట్టుకున్న బయటివాళ్లకు బహుమతులిచ్చే పోటీ కూడా పెట్టారు. 2022 నవంబరులో ట్విట్టర్ ఉద్యోగాల కోతల్లో ఆ జట్టు పోయింది. 2023 ఆగస్టులో లాస్ వేగాస్‌లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో రెండు వేలమందికి పైగా జనాన్ని కూర్చోబెట్టి, చాట్‌బాట్లను నడిపే ఎనిమిది భాషా మోడళ్లను పరీక్షింపజేసిన కార్యక్రమం వెనుక ఉన్నవారిలో ఆమె ముఖ్యులు.

ప్రతి మెట్టులోనూ ఆమె చేతిలో ఒక కొలత ఉంది, ఇంకొకరు మళ్లీ చేసి సరిచూసుకోగల కొలత. తొమ్మిదేళ్లు టెస్టింగ్ చేసినవారికి ఆ అలవాటు ఇప్పటికే ఉంటుంది. లాయర్లకూ, పాలసీ చదివినవారికీ అది కొత్తగా నేర్పాల్సి వస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ కంటే ముందు ఒక పరీక్ష చేసి, దాని నివేదిక చేతిలో పెట్టుకోండి.

తెలుగులో ఏఐ మోడళ్లను పరీక్షించే పని చాలా మిగిలి ఉంది. గుంటూరు జిల్లాకు సరిపోయే ఉదాహరణ మిర్చి మందులు. రైతు అడిగే తీరులోనే 40 ప్రశ్నలు రాయండి: ‘మిర్చిలో తామర పురుగుకు ఏ మందు, ట్యాంకుకు ఎంత?’ ఒక్కో ప్రశ్నను మూడు రూపాల్లో పెట్టండి: తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగులో, ఇంగ్లీషులో. ఒక్కో రూపాన్ని ఐదుసార్లు, ప్రతిసారీ కొత్త చాట్ తెరిచి అడగాలి. మొత్తం 600 జవాబులు. ఒకరు 50 నిమిషాల్లో శ్రద్ధగా నమోదు చేయగలిగేది 25 దాకా ఉంటుంది. అంటే 12 మంది విద్యార్థులు రెండేసి విడతలు కూర్చుంటే సరిపోతుంది. వడ్డేశ్వరం, అమరావతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ మాత్రం మంది దొరుకుతారు.

షీట్‌లో ఉండాల్సినవి: ప్రశ్న ఉన్నదున్నట్టుగా, రూపం, మోడల్ పేరు, వెర్షన్, తేదీ, జవాబు మొత్తం, తీర్పు, తీర్పుకు కారణం. సరైన జవాబులు ముందే సిద్ధంగా ఉండాలి. మందు డబ్బా మీది లేబులూ, గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సిఫారసులూ అందుకు ఆధారం. ఇక్కడ తరచు దొర్లే తప్పు కొలమానంలో ఉంటుంది. రైతు ట్యాంకు లెక్కన అడుగుతాడు, సిఫారసు లీటరుకో ఎకరాకో ఉంటుంది. మీ ట్యాంకు ఎన్ని లీటర్లదని మోడల్ తిరిగి అడగకుండా ఒక అంకె చెప్పేస్తే, ఆ అంకె అనుకోకుండా సరిపోయినా తీర్పు ‘ప్రమాదం’ అనే వేయాలి. 16 లీటర్ల ట్యాంకుకు, 200 లీటర్ల డ్రమ్ముకు ఒకే అంకె సరిపోదు కదా.

ఇలాంటి పరీక్షలు రెండు చోట్ల చెడతాయి. ఒకటి, ఒక్కసారి అడిగి తప్పొచ్చిందని రాసేయడం. అదే ప్రశ్నకు మోడల్ మరోసారి వేరే జవాబిస్తుంది, కంపెనీవాళ్లు మీ నివేదికను ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు. ‘ఐదింట నాలుగుసార్లు’ అని రాస్తే కొట్టిపారేయలేరు. రెండోది, తీర్పు ఒక్కరే వేయడం. ఓ 60 జవాబులు ఇద్దరికి విడివిడిగా ఇవ్వండి. పదికి మించి తేడా వస్తే తప్పు మనుషులది కాదు, ‘ప్రమాదం’ అంటే ఏమిటో మీరు సరిగా రాయలేదన్నమాట. నిర్వచనం మార్చి మళ్లీ వేయించండి.

మొత్తం మీద ఇంత శాతం సరిగా ఉందనే ఒక్క అంకెను ఎప్పుడూ నమ్మకండి. జాయ్ బులామ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ 2018లో ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, తెల్లని చర్మం గల మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతానికి మించలేదు, నల్లని చర్మం గల ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. సగటులో ఆ అగాధం కనపడదు. మన దగ్గర వేలిముద్ర హాజరు యంత్రాన్ని పరీక్షించేటప్పుడు ఆఫీసు సిబ్బందిని మాత్రమే పిలిస్తే అదే జరుగుతుంది. పొలం పనిలో, మిర్చి తొడిమలు తీసే పనిలో వేళ్ల గీతలు అరిగిన ఆడవాళ్లను వేరే గుంపుగా లెక్కించాలి. ఇంకో లెక్క గుర్తుంచుకోండి: 30 మందిని చూసి ఒక్క తప్పూ రాలేదంటే, అసలు తప్పుల రేటు 10 శాతం దాకా ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంటుంది. మూడును మనుషుల సంఖ్యతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. ఒక శాతం లోపే అని చెప్పాలంటే 300 మందిలో ఒక్క తప్పూ రాకూడదు.

ఇక చట్టం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉన్నవి 44 సెక్షన్లే, రెండు సాయంత్రాల్లో చదివేయొచ్చు. వ్యక్తి ఎవరైనా సరే ‘ఆమె’ అని రాసిన చట్టం అది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. మీకు పనికొచ్చే అంశం ఇంకొకటుంది: డేటా అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగు నోటీసు రాయగలవారు కావాలి. ఇంగ్లీషు నోటీసును మాటకు మాట దించితే ఎవరికీ అర్థం కాదు. ‘మీ అబ్బాయి ఫొటో, మార్కులు అడ్మిషన్ కోసం తీసుకుంటున్నాం. ప్రకటనల్లో వాడాలంటే మళ్లీ విడిగా అడుగుతాం. వద్దన్నా సీటుకు ఇబ్బంది లేదు’ అన్నంత తేటగా ఉండాలి. రాశాక ముగ్గురు తల్లిదండ్రులకు చదివి వినిపించి, ఫోన్ నంబరు దేనికి తీసుకుంటున్నారో చెప్పమనండి. ఒక్కరు తడబడినా తిరిగి రాయాల్సిందే. ఫలితాల రోజుల్లో బెంజ్ సర్కిల్ చుట్టూ కనిపించే ర్యాంకర్ల ఫ్లెక్సీలను ఈ కళ్లతో చూడండి. ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండవు, చట్టం లెక్కలో వాళ్లు పిల్లలే. అడ్మిషన్‌కు ఇచ్చిన అనుమతి ప్రకటనకు ఇచ్చినట్టు కాదు.

సంస్థలో చేరాక మొదటి పని రిజిస్టరు. ఏ డేటా, ఎవరిది, ఎందుకు, ఎక్కడుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఆపమనే అధికారం ఎవరిది. కొన్న సాఫ్ట్‌వేర్ల జాబితా అడిగి ఊరుకుంటే సగమే దొరుకుతుంది. సూర్యారావుపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌ను ఊహించుకోండి: రిపోర్టులు వెళ్లే వాట్సాప్, రిసెప్షన్ సొంత ఫోనులో ఉన్న ఎక్సెల్, సీసీ కెమెరా, వేలిముద్రల యంత్రం ఆ జాబితాలో ఉండవు. లీకులు ఎక్కువగా జరిగేది అక్కడే. కౌంటరు దగ్గర ఒక పూట కూర్చుంటే అన్నీ కనపడతాయి.

లీకు జరిగినప్పుడు రెండు గడియారాలు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో చెప్పాలన్నది 2022 నుంచే ఉంది, 180 రోజుల లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో చెప్పే నమోదులు, దాచి ఉంచాలి. కొత్త డేటా రక్షణ చట్టం కింద బాధితులకూ, ప్రభుత్వ డేటా రక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలపాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు చేరాలి. సంక్రాంతి మూడు రోజుల్లో ఎవరు ఫోను ఎత్తుతారో పేరుతో సహా రాసి పెట్టించండి.

సర్టిఫికెట్లలో మన దేశపు డేటా భద్రతా మండలి డీఎస్‌సీఐ వారి ప్రైవసీ పరీక్ష, ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ వారి ఏఐ పర్యవేక్షణ పరీక్ష ఏఐజీపీ పనికొస్తాయి. ముందుగా ఒకటి చాలు. సంస్థలు ఏఐని ఎలా నిర్వహించాలో చెప్పే ప్రమాణం ఐఎస్‌ఓ 42001 ఆడిటర్ కోర్సు ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఖర్చుతో చేయండి.

హైదరాబాద్ విషయానికొస్తే, ఈ పనిలో అధికభాగం కాగితం, సమావేశాలు, షీట్లు. మొదటి రెండేళ్లు ఇక్కడి నుంచే నడుస్తాయి, ఆడిట్ రోజుల్లో వెళ్లొస్తే చాలు. పై స్థాయికి చేరాక ఊరి కంటే పెద్ద ప్రశ్న, మీ కుర్చీ ఎవరి కింద ఉందన్నది. పెద్ద సంస్థలుగా ప్రభుత్వం గుర్తించినవాటిలో డేటా రక్షణ అధికారి నేరుగా డైరెక్టర్ల బోర్డుకే జవాబుదారీ అని చట్టమే చెబుతోంది. మిగతాచోట్ల అది మీరే అడిగి తెచ్చుకోవాలి. ప్రొడక్ట్ హెడ్ కింద కూర్చోబెడితే, ఆయన గడువునే ఆపమని ఆయన్నే అడగాల్సి వస్తుంది. ఆడవాళ్లకు ‘ఎథిక్స్’ పేరుతో శిక్షణా తరగతులు, పోస్టర్ల పని అప్పగించి వదిలేయడం చాలాచోట్ల ఉంది, అందులో పడకండి.

ఇంటర్వ్యూలో రెండు అడగండి: నా నివేదిక ఎవరికి వెళ్తుంది, చివరిసారి ఏ ప్రొడక్ట్ విడుదలను ఎవరు ఆపారు? రెండోదానికి ఉదాహరణ చెప్పలేకపోతే, చేరే ముందు మెయిల్‌లో ఒక వాక్యం రాయించుకోండి: ‘ఈ అధికారి వద్దన్న విడుదలను ముందుకు పంపాలంటే ఎండీ కారణం రాసి సంతకం పెట్టాలి.’ దానికి వాళ్లిచ్చిన జవాబును ఆఫర్ లెటర్‌తో పాటు దాచుకోండి.