నాన్నగారికి మతి తప్పాక ఆ జీపీఏ ఎందుకూ పనికిరాదు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ రాశారు. నాన్నగారికి 72 ఏళ్లు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసి మానేశారు. ఈమధ్యే మతిమరుపు మొదలైంది, ఇంకా తొలి దశే అన్నారట డాక్టరు. డిపాజిట్లు 18 లక్షలు, సేవింగ్స్‌లో 2 లక్షలు, ఇల్లు, అన్నీ ఆయన ఒక్కరి పేరు మీదే. ‘రేపు ఆయన సంతకం పెట్టలేకపోతే నేనే చూసుకునేలా జీపీఏ, అంటే ఆయన తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం, రాయించుకుంటే సరిపోతుందా? దాంతోనే ఇల్లు తనఖా పెట్టి 30 లక్షలు తీసుకుని అమరావతి వైపు స్థలం కొందామనుకుంటున్నాం’ అని అడిగారు.

సరిపోదమ్మా. ఈ పొరపాటు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేస్తున్నారు కాబట్టే ఇక్కడ జవాబిస్తున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా జీపీఏ అక్కడితో ఆగిపోతుంది. అంటే మీరు ఏ రోజు కోసమని రాయించుకుంటున్నారో సరిగ్గా ఆ రోజే అది చెల్లదు. అమెరికాలో ఉన్న చుట్టాలు ‘మేం రాయించుకున్నాం, బాగా పనికొచ్చింది’ అంటారు, అక్కడ మతి తప్పాక కూడా చెల్లేలా రాసుకునే వీలుంది, ఇక్కడ లేదు.

మా మేనమామ సంగతి చెప్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడమూ పోయింది. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో రిజిస్టరైన జీపీఏ భద్రంగా ఉంది, అత్తయ్య అది పట్టుకుని బ్యాంకుకు పోయింది. మేనేజరు చివరిదాకా చదివి ‘ఇప్పుడు సార్‌కి ఎలా ఉందండీ?’ అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పింది పాపం. ఆయన కాగితాలు మళ్లీ కవర్లో పెట్టి ఇచ్చేశాడు. ఆయన తప్పేమీ లేదు. 11 లక్షల డిపాజిట్ అక్కడ పెట్టుకుని, ఆ సాయంత్రం అత్తయ్య ఆసుపత్రి కోసం 4 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకి 12 వేలు వడ్డీకే పోయేది.

అందుకే ముందు అత్యవసర నిధి. అది ఉందా లేదా అన్నది కాదు, అవసరమైన రోజు మీ చేతికి వస్తుందా అన్నదే నేనడిగేది. మీ ఇంటి ఖర్చు నెలకు 45 వేలని రాశారు, ఆరు నెలలకు 2 లక్షల 70 వేలు, ఆసుపత్రిలో చేరగానే కట్టడానికి ఇంకో మూడు లక్షలు, వెరసి 6 లక్షలనుకోండి. నాన్నగారి సంతకం చెల్లుతున్న ఈ రోజుల్లోనే 4 లక్షల డిపాజిట్ ఒకటి రద్దు చేయించి సేవింగ్స్‌లో ఉన్న 2 లక్షలకు కలిపి, ఆ ఖాతాలో మీ పేరు కలిపించి ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’, అంటే ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు వచ్చేలా, పెట్టించండి. మిగతా డిపాజిట్లకీ పేరు కలపండి కానీ వాటిని మాత్రమే నమ్ముకోకండి, ఎయిదర్ ఆర్ సర్వైవర్ అని రాసున్నా గడువుకు ముందే తీయాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగొచ్చు, అందుకే గడువులు చిన్నవిగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా వేయించండి. నామినీగా ఉన్నాను కదా అంటారేమో, నామినీకి ఆయన ఉండగా చిల్లిగవ్వ రాదు. ఇవన్నీ చేసేముందు బెంగళూరులో ఉన్న మీ తమ్ముడికి ఒక మెసేజ్ పెట్టండి, తర్వాత తెలిస్తే ‘అక్క రాయించేసుకుంది’ అవుతుంది.

ఇక ఆ 30 లక్షల సంగతి. జబ్బు మొదలైన తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి స్థలం కొనడమేంటండీ? కిస్తీ ఎవరు కడతారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆయనకు మతి లేదని తెలిసీ పాత జీపీఏతో సంతకం పెడితే ఆ వ్యవహారం కోర్టుకెక్కి మీ మెడకే చుట్టుకుంటుంది. స్థలం ఎక్కడికీ పోదు, వదిలేయండి.

జీపీఏ వద్దనడం లేదు. ఆయనకు తెలివి ఉండి కాళ్లు సహకరించని రోజుల్లో పనికొస్తుంది, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, కదల్లేకపోతే అధికారి ఇంటికే వచ్చేలా అర్జీ పెట్టుకోవచ్చు. వీలునామా కూడా ఇప్పుడే రాయించండి, ఆ రోజు తేదీతో ‘తెలివిగా ఉన్నారు’ అని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఇవేవీ చేయకుండా ఆయనకు మతి తప్పితే మిగిలేది హైకోర్టుకు వెళ్లి గార్డియన్‌గా నియమించమని అడగడమే, ఆ తిరుగుడు మీకెందుకు.

పొద్దున పూట ఆయన హుషారుగా ఉంటారని మీరే రాశారు కాబట్టి బ్యాంకుకు పది గంటలకే తీసుకెళ్లండి. కళ్లజోడు మర్చిపోకండి, సంతకం బ్యాంకు దగ్గరున్న పాత నమూనా కార్డులో ఉన్నట్టే పడాలి.