మూత మీద మసిగుడ్డ

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఓటీజీ అనే కరెంటు ఓవెన్ కొన్నావనీ, ఆదివారం నుంచి బ్రెడ్డు ఇంట్లోనే చేస్తానంటున్నావనీ చెప్పింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయే పిల్ల ఈస్టుతో పెట్టుకుందా అని నవ్వొచ్చింది. గర్వంగానూ ఉంది, అబద్ధమెందుకు. మంచమెక్కాక మాత్రం మీ చంటాడు గుర్తొచ్చాడు. ఏడాదిన్నర వాడు, ఏది అందితే అది పట్టుకుని లేచి నిలబడే వయసు. ఇక నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో చెప్తే సగం విని దండం బొమ్మ పెట్టేస్తావు, అందుకని ఉత్తరమే రాస్తున్నా.

నువ్వు చేస్తానంటున్నది పిసకక్కర్లేని రొట్టెట కదా. న్యూయార్కులో జిమ్ లేహీ అనే బేకరీ ఆయన పద్ధతి అది. 2006 నవంబరులో మార్క్ బిట్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక అందరి వంటిళ్లలోకీ పాకింది. మీ అక్క పురిటికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు పక్కింటావిడ నాకు నేర్పింది. పిండి జారుగా కలిపి గంటల తరబడి వదిలేస్తే, గోధుమలోని జిగురు దానంతటదే సాగి అల్లుకుంటుంది. మన చెయ్యి చేసే చాకిరీ నీళ్లూ, గడియారమూ చేసిపెడతాయన్నమాట.

కొలతలు రాసుకో. మైదా 400 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు పావు టీస్పూను. నీళ్లు 300 గ్రాములంటారు గానీ మన మైదా అన్ని నీళ్లు పట్టదు, మొదటిసారి 280తో చెయ్యి. గరిటెతో పొడిపిండి కనబడకుండా కలిపి మూత పెట్టు. ఈస్టు డబ్బా ఫ్రీజర్లో దాచుకో.

వాళ్లు పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు నాననివ్వమని రాస్తారు. అది వాళ్ల ఊరి చలి లెక్క. నేను రాజమండ్రి తిరిగొచ్చి ఎండాకాలంలో అదే లెక్కన పద్దెనిమిది గంటలు ఉంచితే, తెల్లారేసరికి పిండి పులిసి నీరై, కల్లు వాసన కొట్టింది. ఇడ్లీ పిండి మేలో ఎంతసేపటికి పొంగుతుందో, డిసెంబరులో ఎంతసేపటికి పొంగుతుందో నీకు ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. ఫ్రిజ్‌లో నీళ్లు పోసి కలుపు, ఆరేడు గంటలకే వెళ్లి చూడు. రెండింతలై, పైన బుడగలు తేలి, గిన్నె కదిపితే తొణికినట్టుంటే అయిపోయినట్టే. పొడిపిండి చల్లిన పళ్లెంలో వేసి, నాలుగు వైపుల నుంచీ మధ్యకి మడిచి, బేకింగ్ కాగితం మీద అరగంట, ముప్పావుగంట ఉంచు.

ఇక అసలు సంగతి. కాస్ట్ ఐరన్ గిన్నె, మూతతో సహా, ఖాళీగా ఓవెన్లో పెట్టి 230 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. నాన్‌స్టిక్ గిన్నె ఖాళీగా అంత వేడిలో పెట్టకు. ప్లాస్టిక్ పిడి ఉన్నది అసలే వద్దు. కాగితంతో సహా పిండిని అందులోకి దించి మూత పెడితే, పిండిలో తడే ఆవిరై లోపల తిరుగుతుంది. పైపొర తొందరగా గట్టిపడదు, రొట్టె బాగా పొంగుతుంది. అరగంటకి మూత తీసేస్తే ఇంకో పావుగంటలో ఎర్రగా కాలుతుంది. మీ అమ్మమ్మ దిబ్బరొట్టెకి కుంపటి మీద ముకుడు పెట్టి, మూత మీద నిప్పులు పోసేది, గుర్తుందా? నీకెలా గుర్తుంటుందిలే, అప్పటికే గ్యాసొచ్చేసింది. కింద సెగ, పైన సెగ, మధ్యలో రొట్టె. ఆవిడకి ఒక అలవాటుండేది. మూత దించి పక్కన పెట్టగానే దాని మీద మసిగుడ్డ పడేసేది. అది చాదస్తమని నేనూ మీ అమ్మా నవ్వుకునేవాళ్లం.

2011 చలికాలంలో రెండోసారి న్యూజెర్సీ వెళ్లాను. మీ అక్క కూతురికి రెండేళ్లు. ఆ వేళ మీ అక్క ఆఫీసుకెళ్లింది, నేను రొట్టె పెట్టాను. అరగంటకి పెద్ద గ్లవుజులు తొడుక్కుని మూత తీసి గట్టు మీద పెట్టా. ఓవెన్ తలుపు మూసి గ్లవుజులు తీసేశా. ఇంతలో మీ పెదనాన్న ఫోన్, కరెంటు బిల్లు కాగితం ఎక్కడ పెట్టావని. బీరువాలో కింది అర, చీరల కింద చూడండి, అక్కడ కాదు, ఎడమ పక్క... అని చెబుతూ గట్టు సర్దుతున్నా. సింకులో వేద్దామని వట్టి చేత్తో ఆ మూత పిడి పట్టుకున్నా.

కాలిన మూతా నల్లగానే ఉంటుంది, చల్లని మూతా నల్లగానే ఉంటుంది బుజ్జీ. ఎర్రబడదు, పొగ రాదు. చుయ్‌మన్నాక గానీ నాకు తెలియలేదు. చెయ్యి విదిలించాను. అంత బరువు మూతా వెళ్లి కింద పడింది.

ఆ పడిన చోటే అప్పటిదాకా పిల్ల స్టీలు గిన్నెలు పరుచుకుని, చెంచాతో వాయిస్తూ కూర్చుంది. ఎప్పుడు లేచి హాల్లోకి వెళ్లిందో నేను చూడనే లేదు. మూత సరిగ్గా ఒక గిన్నె మీద పడి, దాని అంచు లోపలికి మడతపడిపోయింది. చెయ్యి మంట ఆ తర్వాతే తెలిసింది. పిల్లని ఎత్తుకుని, ఫోన్లో మీ పెదనాన్న "దొరికిందే, దొరికింది" అంటుంటే జవాబు చెప్పలేక అలాగే నిలబడిపోయా.

అప్పుడు చేసిన ఇంకో తెలివితక్కువ పని, కాలిన చోట టూత్‌పేస్టు రాసుకోవడం. నువ్వలా చెయ్యకు, కుళాయి కింద చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టాలి. మీ అక్కకి చెప్పకూడదనే అనుకున్నా. రాత్రి నేను పప్పన్నం చెంచాతో తినడం చూసి కనిపెట్టేసింది. తిట్టింది, ఏడ్చింది. ఆ సొట్టగిన్నె నాతోనే ఇండియాకి తెచ్చేసుకున్నా. చింతపండు నానబెట్టుకుంటాను అందులో.

అందుకని చెబుతున్నా. గిన్నె ఓవెన్లో ఉన్నంతసేపూ, బయటికొచ్చాక ఇంకో గంటా చంటాడు మీ ఆయన ఒళ్లో ఉండాలి. ఆదివారమే కదా, ఆయనకేం పని? ఓటీజీ తలుపు అద్దం కూడా కాలుతుంది, వాడి చేతికందే ఎత్తులో పెట్టావేమో చూసుకో. మసిగుడ్డ పొడిగా ఉండాలి. తడిగుడ్డతో పట్టుకుంటే వేడి ఒక్క క్షణంలో చేతికొచ్చేస్తుంది.

రొట్టె బయటికి తీశాక చిటపటమంటుంది, భయపడకు, పైపొర చల్లారుతూ పగులుతున్న చప్పుడది. గంట ఆగి కొయ్యి. ఆగలేవని తెలుసు, అయినా ఆగు. లోపల బంకగా ఉంటే అది కాలకపోవడం వల్లనో, నీ తొందర వల్లనో తెలియాలి కదా. మొదటిది అట్టలా వచ్చినా పారెయ్యకు, ముక్కలు చేసి ఉప్మాలో పడెయ్.

మీ పెదనాన్న పాత పంచె చింపి మసిగుడ్డలు నాలుగు కుట్టాను, ఒక్కోటీ నాలుగు పొరలు. శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న ఎదురింటి అబ్బాయితో పంపిస్తున్నా, గోంగూర పచ్చడి సీసాతో పాటు. వాటిలో ఎర్రదారంతో కుట్టినది మూతకి. దాన్ని ఇంకెందుకూ వాడకు.

పెద్దమ్మ