ఫ్రీస్టయిల్‌లో పురోగతిని కొలవడం ఎలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా 50 మీటర్ల పూల్‌లో ఫ్రీస్టయిల్ సాధన చేస్తోంది. నాలుగు నెలలుగా 100 మీటర్ల సమయం 1 నిమిషం 14 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. కోచ్‌గారేమో బార బాగుపడిందనీ, కంగారు పడవద్దనీ అంటున్నారు. తోటి పిల్లల సమయాలు తగ్గుతుంటే మాకు మనసు ఊరుకోవడం లేదు. అమ్మాయి ముందుకు వెళుతోందో లేదో తెలుసుకునే మార్గం ఉందా? కోచ్‌ను మార్చమంటారా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: కోచ్‌ను మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆయన మాటలో నిజమెంతో మీరే ఒక ఉదయం పూల్ గట్టున కూర్చుని తేల్చుకోవచ్చు. ఈదే వేగం రెండు అంశాల మీద ఆధారపడి ఉంటుంది: నిమిషానికి ఎన్ని బారలు పడుతున్నాయి, ఒక్కో బారకు శరీరం ఎంత దూరం సాగుతోంది. స్టాప్‌వాచ్ ఈ రెండూ కలిసి ఇచ్చిన ఫలితాన్ని చూపుతుందే తప్ప, వాటిలో ఏది పెరిగిందో ఏది తగ్గిందో చెప్పదు. కాబట్టి అమ్మాయి మొదటి 50 మీటర్లకు కుడి ఎడమ చేతులు రెండింటినీ కలిపి ఎన్ని బారలు వేస్తోందో లెక్కపెట్టండి. గోడను తన్ని బయలుదేరాక తొలి ఐదు మీటర్లు బార వేయకుండానే గడుస్తాయనుకుంటే, మిగిలేది 45 మీటర్లు. నాలుగు నెలల కిందట ఆ దూరానికి 52 బారలు పట్టి, ఇప్పుడు అదే సమయంలో 48 బారలతో పూర్తవుతుంటే, ఒక్కో బారకు సాగే దూరం 87 సెంటీమీటర్ల నుంచి 94 సెంటీమీటర్లకు పెరిగిందన్నమాట. పాత వేగాన్నే అమ్మాయి ఇప్పుడు తక్కువ బారలతో అందుకుంటోంది. ఇక ఈ పొడవును నిలుపుకుంటూనే బారల వేగం పెంచగలిగితే సమయం తగ్గుతుంది. కోచ్‌గారి దగ్గర పాత లెక్కలు ఉంటే అడిగి చూడండి, లేకపోతే ఈ రోజు నుంచే రాసుకోవడం మొదలుపెట్టండి.

అలాగని బారల సంఖ్యను తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోకూడదు. చేయి ముందుకు చాచి కాసేపు అలాగే ఉంచితే లెక్క తగ్గుతుంది గాని వేగం కూడా పడిపోతుంది, ప్రతి బారకూ మళ్లీ ఊపు అందుకోవలసి వస్తుంది. అందుకే బారల సంఖ్యను ఎప్పుడూ సమయం పక్కనే రాయాలి.

తరువాత చూడవలసింది రెండు సగాల మధ్య తేడా. 1 నిమిషం 14 సెకన్లు అంటే 34, 40 కావచ్చు, 36, 38 కూడా కావచ్చు. ఈ ఇద్దరు పిల్లలకూ కావలసిన శిక్షణ ఒకటి కాదు. చైనా ఈతగాడు పాన్ జాన్‌లె 2024 ఫిబ్రవరిలో దోహాలో 100 మీటర్లను 46.80 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అప్పుడు మొదటి 50 మీటర్లకు 22.26, రెండో 50కి 24.54 సెకన్లు పట్టాయి. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో 46.40కి దిగినప్పుడు మొదటి సగం 22.28, రెండో సగం 24.12. అంటే ఆరు నెలల్లో వచ్చిన లాభం మొత్తం రెండో సగంలోనే వచ్చింది. మొదటి సగం చూసినవారెవరైనా అతను ఉన్నచోటే ఉన్నాడని అనుకునేవారు. మీ అమ్మాయి రెండో 50లో బారల సంఖ్య మొదటి దానికంటే ఐదారుకు మించి పెరుగుతుంటే, అలసటతో మోచేయి కిందికి జారి, చేయి నీటిని వెనక్కి నెట్టలేక కోసుకుంటూ పోతోందేమో కోచ్‌గారిని చూడమనండి.

ఇక నాలుగు నెలల స్తబ్ధత గురించి. పదమూడేళ్ల వయసులో ఆడపిల్లల ఎత్తు, చేతుల పొడవు త్వరత్వరగా మారుతుంటాయి. కొత్త కొలతలకు అలవాటు పడేవరకు బార లయ తప్పడం సహజం. పైగా శిక్షణ బరువు ఎక్కువగా ఉన్న వారాలలో పరీక్ష పెడితే ఒలింపిక్ ఈతగాళ్ల సమయాలు కూడా దిగవు. పోటీకి ముందు రెండు మూడు వారాలు సాధన దూరాన్ని తగ్గించినప్పుడు సాధారణంగా రెండు మూడు శాతం మెరుగుదల కనిపిస్తుంది. 74 సెకన్లలో మూడు శాతం అంటే రెండు సెకన్ల పైమాటే. కాబట్టి అమ్మాయి సమయాన్ని ఏ వారంలో చూశారన్నది కూడా పక్కన రాసుకోవాలి.

ఓర్పు ఎంత పెరిగిందో విడిగా తెలుసుకోవడానికి కోచ్‌లు సీఎస్‌ఎస్ అనే పరీక్షను వాడతారు. పూర్తిగా చెప్పాలంటే క్రిటికల్ స్విమ్ స్పీడ్. ఈతగాడు త్వరగా అలసిపోకుండా నిలకడగా సాగించగల వేగానికి ఇదొక అంచనా. ఈ ఆలోచనను ఈతకు అన్వయించినవారిలో జపాన్‌కు చెందిన వాకాయోషి బృందం ముఖ్యమైనది, వారి పరిశోధన 1992లో వెలువడింది. పద్ధతి తేలికైనదే. బాగా ఒళ్లు వేడెక్కించుకున్నాక 400 మీటర్లు శక్తి కొద్దీ ఈదాలి. పూర్తిగా తేరుకున్నాక, వీలైతే మరుసటి రోజు, 200 మీటర్లు ఈదాలి. 400కు 6 నిమిషాలు, 200కు 2 నిమిషాల 50 సెకన్లు పట్టాయనుకుందాం. తేడా 190 సెకన్లు, దూరంలో తేడా 200 మీటర్లు; అంటే 100 మీటర్లకు 95 సెకన్లు. దాన్నిబట్టి 100 మీటర్లను 1 నిమిషం 35 సెకన్ల చొప్పున, మధ్యలో 15 నుంచి 20 సెకన్ల విశ్రాంతితో, ఎనిమిది పది సార్లు ఈదిస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి పరీక్షను తిరిగి పెట్టి వేగాన్ని సవరిస్తారు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, చాలామంది తల్లిదండ్రులు అక్కడే పొరబడుతుంటారు. తరువాతి పరీక్షలో 400 సమయం అదే 6 నిమిషాలు ఉండి, 200 మాత్రం 2 నిమిషాల 44 సెకన్లకు దిగిందనుకోండి. తేడా 196 సెకన్లు అవుతుంది, సీఎస్‌ఎస్ 98 సెకన్లకు పడిపోతుంది. అమ్మాయి వేగం పెరిగింది, అంకె మాత్రం తగ్గినట్టు చూపుతోంది! అలాగే 200ను ఒళ్లు దాచుకుని ఈదితే అంకె మెరుగుపడినట్టు కనిపిస్తుంది. కాబట్టి సీఎస్‌ఎస్‌ను ఒంటరిగా చూడకుండా, రెండు సమయాలనూ దాని పక్కన ఉంచుకునే చూడాలి. పై ఉదాహరణలో అమ్మాయికి పెరిగింది వేగం, ఓర్పు ఇంకా దానిని అందుకోలేదు. రాబోయే వారాల శిక్షణ ఎటు సాగాలో ఆ రెండు సమయాలే చెబుతాయి.

పరీక్ష పరిస్థితులు ప్రతిసారీ ఒకేలా ఉండాలి: అదే పూల్, అదే వేళ, బ్లాక్ మీద నుంచి దూకకుండా గోడను తన్ని బయలుదేరడం, లేన్‌లో వేరేవారు లేకుండా చూడడం. 25 మీటర్ల పూల్‌లో వచ్చిన సమయాన్ని 50 మీటర్ల పూల్ సమయంతో పోల్చకండి. చిన్న పూల్‌లో మలుపులు ఎక్కువ, ప్రతి మలుపు దగ్గరా గోడను తన్నిన ఊపు దక్కుతుంది కాబట్టి సమయాలు సహజంగానే తక్కువగా వస్తాయి. పక్కింటి పిల్లతో పోలిక మాత్రం ఈ వయసులో అసలే పనికిరాదు. ఒకే తరగతి పిల్లల్లో ఒకరికి ఎదుగుదల రెండేళ్లు ముందే వస్తుంది, మరొకరికి రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: నా వయసు 45. గత ఏడాదే ఈత నేర్చుకున్నాను. మా అపార్ట్‌మెంట్ పూల్‌లో ఒక్క పొడవు ఈదేసరికే ఆయాసం వస్తోంది. రోజూ పరుగెత్తే అలవాటున్నా ఇక్కడ ఊపిరి ఎందుకు చాలడం లేదు? చేతికి పెట్టుకున్న వాచీ స్వోల్ఫ్ అని ఒక అంకె చూపుతోంది. దానిని ఎలా అర్థం చేసుకోవాలి?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఊపిరితిత్తుల్లో లోపం లేదు. కొత్తగా నేర్చుకున్న పెద్దవారు సాధారణంగా రెండు పనులు చేస్తారు: మొహం నీటిలో ఉన్నప్పుడు ఊపిరి బిగపట్టి, తల తిప్పిన ఆ అర సెకనులోనే వదలడం, పీల్చడం రెండూ చేయాలని చూస్తారు, గాలి కోసం తలను పక్కకు తిప్పే బదులు పైకెత్తుతారు. తల లేస్తే నడుము, కాళ్లు దిగిపోతాయి. అప్పుడు నీటికి ఎదురయ్యే శరీర భాగం పెరిగి, మీ శ్రమంతా ముందుకు సాగడానికి కాక మునగకుండా ఉండడానికే ఖర్చవుతుంది. మునుగుతున్న కాళ్లను నిలబెట్టడానికి మరింత గట్టిగా తన్నుతారు. తొడ కండరాలు పెద్దవి కాబట్టి ప్రాణవాయువును అవే ముందు లాగేసుకుంటాయి. పరుగువీరులు పూల్‌లో తొందరగా అలసిపోవడానికి ఇదే ప్రధాన కారణం. నీటిలో మొహం ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూనే ఉండండి. పక్కకు తిరిగినప్పుడు ఒక కంటి అద్దం ఇంకా నీటిలోనే ఉండేలా చూసుకోండి. కొద్ది వారాలపాటు దూరం సంగతి మరిచి, 25 మీటర్లకు మించకుండా, ప్రతిసారీ పూర్తిగా తేరుకుంటూ సాధన చేయండి.

స్వోల్ఫ్ అంటే ఒక పొడవుకు పట్టిన సెకన్లు, ఆ పొడవులో వేసిన బారలు కలిపితే వచ్చే మొత్తం. 25 మీటర్లకు 32 సెకన్లు, 24 బారలు అయితే 56 కావాలి. కాని వాచీ ఉన్న చేతి బారలనే చాలా వాచీలు లెక్కిస్తాయి, కాబట్టి మీకు కనిపించేది 44 కావచ్చు. 30 సెకన్లు, 26 బారలైనా అదే 56, 34 సెకన్లు, 22 బారలైనా అదే 56. అందువల్ల ఆ మొత్తాన్ని చూసి మురిసిపోకుండా, లోపలి రెండు అంకెలనూ చూడండి. పొడుగరి అయిన మీ మిత్రుడి స్వోల్ఫ్ తక్కువ ఉంటే దాన్ని పట్టించుకోనక్కరలేదు. అన్నింటికంటే ముందు, మీ అపార్ట్‌మెంట్ పూల్ పొడవు ఎంతో టేపుతో కొలిపించండి. ఇలాంటివి 18 మీటర్లో 20 మీటర్లో ఉండడం మామూలే. వాచీకి 25 అని చెప్పి ఉంటే అది చూపే దూరం, వేగం రెండూ తప్పే. నీటిలో మణికట్టు దగ్గర కొలిచే గుండె వేగాన్ని కూడా అంతగా నమ్మకండి.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. 100 మీటర్ల ఫ్రీస్టయిల్ 58.00 సెకన్లలో, 400 మీటర్లు 4 నిమిషాల 30 సెకన్లలో ఈదుతున్నాను, రెండూ 50 మీటర్ల పూల్‌లోనే. ఏ దూరం మీద దృష్టి పెట్టడం మంచిది?
– విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వేర్వేరు దూరాలను ఒకే తూకంలో పెట్టడానికి అంతర్జాతీయ ఈత సమాఖ్య అయిన వరల్డ్ అక్వాటిక్స్ పాయింట్ల పద్ధతి ఉంది. ప్రామాణిక సమయాన్ని మీ సమయంతో భాగించి, వచ్చిన దానిని ఘనం చేసి, వెయ్యితో గుణించాలి. ప్రామాణిక సమయాలను ప్రపంచ రికార్డుల ఆధారంగా ఏటా సవరిస్తారు. 100 మీటర్లకు పాన్ జాన్‌లె 46.40ను తీసుకుంటే మీ 58.00కు 512 పాయింట్లు. 400కు 2025 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో జర్మనీ ఈతగాడు లుకాస్ మార్టెన్స్ నమోదు చేసిన 3 నిమిషాల 39.96 సెకన్లను తీసుకుంటే మీకు సుమారు 540 వస్తాయి. ఘనం ఎందుకంటే, నీటి నిరోధం వేగపు వర్గానికి దగ్గరగా పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఘనానికి దగ్గరగా పెరుగుతుంది. పైస్థాయిలో ఒక సెకను తగ్గించుకోవడం కిందిస్థాయిలో తగ్గించుకోవడం కంటే ఎంతో కష్టమన్న సంగతి ఆ లెక్కలోనే ఇమిడి ఉంది.

ప్రస్తుతానికి 400 మీకు కొంత అనుకూలంగా ఉంది. అయితే 28 పాయింట్ల తేడాతో 100 మీటర్లను వదిలేయమని నేను చెప్పను. స్టార్ట్, మలుపుల దగ్గర మీరు నీటి అడుగున ఎంత దూరం వెళుతున్నారో వీడియో తీయించి చూడండి. నిబంధనల ప్రకారం 15 మీటర్లలోపు తల పైకి రావాలి. చాలామంది మన పిల్లలు ఐదారు మీటర్లకే తేలిపోతారు. 100 మీటర్ల పోటీలో ఆ నష్టం 400లో కంటే ఎక్కువగా కనబడుతుంది. మీ లోటు అక్కడే ఉంటే, అది శిక్షణతో పూడ్చుకోగలిగినదే. ఒక సీజన్ పాటు 200, 400 ప్రధానంగా సాధన చేస్తూ, డాల్ఫిన్ కిక్‌కు (నీటి అడుగున రెండు కాళ్లనూ కలిపి అలలా ఆడించడానికి) ప్రతి రోజూ కొంత సమయం కేటాయించి, ఆ తరువాత రెండు దూరాలకూ మళ్లీ పాయింట్లు వేసి చూడండి.

ప్రశ్న: చేతులకు ప్యాడిల్స్ తొడిగి ఈదడం మొదలుపెట్టినప్పటి నుంచి కుడి భుజం ముందు భాగంలో నొప్పి వస్తోంది. సాధన ఆపాలా?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్యాడిల్స్‌ను వెంటనే పక్కన పెట్టండి, సాధనను పూర్తిగా ఆపనక్కరలేదు. ప్యాడిల్ అరచేతి వైశాల్యాన్ని పెంచుతుంది కాబట్టి బారలో ఉన్న లోపం ఏదైనా భుజం మీద రెట్టింపు భారమై పడుతుంది. సాధారణంగా కనిపించే లోపాలు రెండు: బొటనవేలు ముందుగా నీటిని తాకేలా చేయి తిప్పి దించడం, చేయి తలకు ముందు నుంచి అటువైపుకు దాటిపోవడం. చేయి భుజానికి సూటిగా, వేళ్ల కొసలు ముందుగా, అరచేయి కిందికి చూసేలా నీటిలోకి దిగాలి. నొప్పి తగ్గేవరకు కాళ్ల సాధన చేయవచ్చు, అయితే చేతులు ముందుకు చాచి కిక్‌బోర్డు పట్టుకోకండి. ఆ భంగిమ కూడా భుజాన్ని నొక్కుతుంది. చేతులు పక్కలకు ఆనించి వెల్లకిలా కాళ్లాడించడం మేలు. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నా, రెండు వారాలైనా నొప్పి తగ్గకపోయినా, క్రీడా వైద్యుణ్ణి గాని ఫిజియోథెరపిస్టును గాని కలవండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం మామూలు దూరంలో సగంతో సరిపెట్టుకోండి. ప్యాడిల్స్‌ను మాత్రం బారను కోచ్ చూసి సరేనన్న తరువాతే ముట్టుకోండి.