జిమ్నాస్టిక్స్‌లో లెవెల్ 4 పాపని 6, 7 వాళ్ళ గ్రూప్‌లో వేస్తే కంగారు పడక్కర్లేదు

మీ పాప లెవెల్ 4, కోచ్ ఏమో లెవెల్ 6, 7 పిల్లలతో కలిపేశారు, తను వెనకబడిపోతుందేమో అని కదా అండీ మీ భయం. ఇక్కడ అమెరికాలో చాలా జిమ్స్‌లో ఇలానే నడుస్తుంది, కోచ్‌లు తక్కువ, పిల్లలు ఎక్కువ. వార్మప్, కండిషనింగ్ అందరూ కలిసి చేస్తే నష్టమేం లేదు, పైగా పెద్ద పిల్లల్ని చూసి కాళ్ళు బిగించడం, వేళ్ళు సాచడం త్వరగా పట్టేస్తారు.

అసలు చూడాల్సింది బార్స్ (పట్టుకుని వేలాడి తిరిగే కడ్డీలు) దగ్గర. పెద్ద పిల్లలు జెయింట్స్ (చేతులు చాచి బార్ చుట్టూ పూర్తిగా తిరగడం) తిరుగుతుంటే మీ పాప లైన్‌లో ఊరికే నిలబడుతోందా, లేక పక్క బార్ మీద కిప్ (వేలాడుతూ ఊగి బార్ పైకి లేవడం) డ్రిల్స్ చేస్తోందా? లెవెల్ 4కి కిప్ రావాలి, అది ఎక్కువసార్లు చేస్తేనే వస్తుంది, కాబట్టి ఒకరోజు కూర్చుని తనకి ఎన్ని టర్న్స్ వస్తున్నాయో లెక్కపెట్టండి, తర్వాతే కోచ్‌తో మాట్లాడండి.

ఇంకోటి, లెవెల్ 5 దాకా రొటీన్స్ (పోటీలో వరుసగా చేసి చూపించేవి) కంపల్సరీ, అందరిదీ ఒకటే, 6 నుంచి ఎవరి రొటీన్ వాళ్ళది. అందుకే మీట్స్ (పోటీలు) దగ్గరపడ్డాక కనీసం బీమ్ (సన్నటి దిమ్మె మీద చేసేది), ఫ్లోర్ (నేల మీద చేసేది) అయినా తన లెవెల్ వాళ్ళతో చేయించమని అడగండి, ఇది న్యాయమైన కోరికే, మొహమాటపడకండి.

పెద్దవాళ్ళని చూసి స్పాట్ (కోచ్ పక్కనే ఉండి పట్టుకోవడం) లేకుండా కొత్త స్కిల్ ట్రై చేస్తుంటే మాత్రం ఆ రోజే కోచ్‌కి చెప్పేయండి. మణికట్టు నొప్పి అంటే కూడా అంతే, ఎదిగే పిల్లలు కదా, డాక్టర్‌కి చూపించండి.