మోల్స్ నుంచి గ్రాములకి: గుణించాలా, భాగించాలా?

మోల్ అంటే డజను లాంటిదే, కణాల్ని లెక్కపెట్టే ఒక పెద్ద సంఖ్య. మోల్స్‌ని గ్రాముల్లోకి మార్చేటప్పుడు గుణించాలో భాగించాలో ప్రతిసారీ చాలామంది తికమక పడుతుంటారు, ఇంటర్ ఫస్టియర్ సగం దాకా నాదీ ఇదే బాధ. ఫార్ములా బట్టీ పట్టి వెళ్ళేవాడిని, పరీక్షలో తీరా తారుమారు చేసి వచ్చేవాడిని.

నాకు ఇది ఎక్కింది క్లాసులో కాదు, మా నాన్న కిరాణా కొట్లో. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు నాన్న 5 రూపాయల బిళ్ళల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాడు కాదు, ఎలక్ట్రానిక్ కాటా మీద పోసేసేవాడు. అప్పటి పసుపు రంగు బిళ్ళ ఒక్కోటి 6 గ్రాములు, కాటా 600 చూపిస్తే 100 బిళ్ళలు, అంతే. బరువు తెలిసి ఎన్ని ఉన్నాయో కావాలంటే భాగిస్తాం, ఎన్నో తెలిసి బరువు కావాలంటే గుణిస్తాం. బిళ్ళ బదులు మోల్ అనుకోండి, 6 బదులు మోలార్ మాస్ (ఒక మోల్ బరువు, గ్రాముల్లో) పెట్టండి, అక్కడ ఇంకేం లేదు.

ఉదాహరణకి కాల్షియం కార్బొనేట్‌కి మోలార్ మాస్ 100, 25 గ్రాములు తీసుకుంటే పావు మోల్. బాగా వేడి చేస్తే అది మోల్‌కి ఒక్కో మోల్ చొప్పున కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, కాబట్టి కాల్షియం ఆక్సైడ్ కూడా పావు మోలే వస్తుంది, దాన్ని 56తో గుణిస్తే 14 గ్రాములు, కార్బన్ డయాక్సైడ్ 44లో పావు 11, రెండూ కలిపితే మళ్ళీ 25, లెక్క సరిపోయినట్టే. చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే మధ్యలో మోల్స్ లోకి రాకుండా గ్రాముల నుంచి గ్రాములకి దూకేస్తారు.

అన్నట్టు నాన్న లెక్క కూడా ఒక్కోసారి తప్పేది, ఎందుకంటే మందంగా ఉండే పాత 5 రూపాయల బిళ్ళ 9 గ్రాములు, అవి కలిసిపోతే కాటా మాట నమ్మలేం. సరిగ్గా ఇదే దెబ్బ నేను ప్రాక్టికల్స్‌లో తిన్నా. ఆక్జాలిక్ యాసిడ్ 0.05 మోలార్ (లీటరుకి 0.05 మోల్) ద్రావణం 250 ఎంఎల్ చేయాలి, అంటే 0.0125 మోల్, నేను దాని మోలార్ మాస్ 90 అనుకుని దర్జాగా దాంతో గుణించి 1.125 గ్రాములు తూచేశా. టైట్రేషన్‌లో, అంటే రంగు నిలిచేదాకా ఆ యాసిడ్‌లో పర్మాంగనేట్ ద్రావణం కొద్దికొద్దిగా పోసి కొలిచేటప్పుడు, పక్కవాడికి 20 ఎంఎల్ పడితే నాకు 14 దాటగానే గులాబీ రంగు నిలిచిపోయింది, మూడుసార్లు చేసినా అంతే, అది పోసే కొలత గొట్టం బ్యూరెట్‌ని తిట్టుకున్నా. చివరికి ల్యాబ్ అసిస్టెంట్ అన్న వచ్చి సీసా తిప్పి లేబుల్ చూపించాడు, మోలార్ మాస్ 126.07 అని ఉంది. ల్యాబ్‌లో ఉండే ఆక్జాలిక్ యాసిడ్ స్ఫటికాల్లో ఒక్కో మాలిక్యూల్‌తో పాటు రెండు నీటి మాలిక్యూల్స్ ఉంటాయి, నేను తూచిన బరువులో నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట, అసలు తూచాల్సింది 1.575 గ్రాములు.

కాగితం మీద లెక్కల్లో అయితే ఇలాంటి బోల్తా ఆక్సిజన్ దగ్గర పడతారు, వాయువు అన్నప్పుడు పరమాణువులు రెండేసి జంటగా ఉంటాయి కాబట్టి 16 కాదు 32 వేయాలి, హైడ్రోజన్, నైట్రోజన్, క్లోరిన్ వాయువులకి కూడా అలాగే రెట్టింపు చేయాలి.